పొద్దుటి మందు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అక్క, బావ, బావ వాళ్ళమ్మ అత్తయ్య, చిన్నది, గుప్పెడుగాడు. వీధిలో కారులో కూర్చుని హారన్ కొట్టాలా వద్దా అని తటపటాయిస్తున్న రివర్స్ ఆంటీని కూడా కలుపుకుంటే ఇంకొకరు. ఆవిడ బావ దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటోంది. ముందుకి పొమ్మంటే ఎంత దూరమైనా పోతుంది గానీ, వెనక్కి రమ్మంటే స్టీరింగు వదిలేసి కళ్ళు మూసుకుంటుంది. ఆ పేరు పెట్టింది బావే. మనుషులకి పేర్లు పెట్టడంలో అతని తర్వాతే ఎవరైనా.

చిన్నదానికి సైలెన్సర్ అని పెట్టాడు. పదో తరగతి పరీక్షలు రాసేసి, అక్కకి సాయంగా ఉండమని అమ్మ పంపిస్తే వచ్చింది ఆ పిల్ల. వచ్చిన మొదటి వారమంతా ఊఁ, ఉహుఁ తప్ప ఇంకో మాట లేదు. "ఈ ఇంజను నడుస్తోందో లేదో బానెట్ మీద చెయ్యేసి చూస్తే గానీ తెలియదు" అన్నాడు బావ. అందరూ నవ్వారు. చిన్నది కూడా తల దించుకుని నవ్వింది. ఆ నవ్వుకి కూడా చప్పుడు లేదు.

గుప్పెడుగాడు అన్న పేరూ బావదే, కానీ అది సరదాకి పెట్టింది కాదు. ఏడో నెల నిండకముందే పుట్టిన కొడుకుని గాజు పెట్టెలో మొదటిసారి చూసి బయటికొచ్చి, గోడకి ఆనుకుని, "గుప్పెడున్నాడు" అని ఒక్క మాట అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది.

వాడి ఊపిరితిత్తులు తడిసిన కాగితాల్లా ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయన్నారు. గొంతులో గొట్టం పెట్టి మిషనుతో ఊపిరి పోశారు. ఆ మిషను తియ్యబోతే పిల్లవాడు నీలంగా మారిపోయేవాడు. స్టెరాయిడ్ ఇస్తే గానీ లాభం లేదన్నారు, ఇచ్చారు. మిషను ఊడింది. వారం తిరక్కుండా మళ్ళీ ఎక్కించారు, మళ్ళీ స్టెరాయిడ్. అలా అలా బతికి బట్టకట్టి, చివరికి అక్క ఒళ్ళో ఇంటికొచ్చాడు. వాడితో పాటు ఒక స్టెరాయిడ్ మాత్రల డబ్బా కూడా వచ్చింది.

ఆ మాత్రల పని చిన్నదానిది. అక్కకి కాన్పు ఆపరేషన్ అయినప్పటి నుంచీ చేతులు వణుకుతున్నాయి. అత్తయ్యకి దగ్గరి చూపు ఆనదు. అందుకని మాత్రని రెండు చెంచాల మధ్య పెట్టి పిండిలా నలపడం, చిన్న గ్లాసులో నీళ్ళతో కలపడం, సూది లేని సిరంజితో గీత దాకా లాగి బుగ్గ లోపలి వైపు కొంచెం కొంచెంగా వదలడం చిన్నదే చేసేది. మందు పడగానే వాడు మూతి ముడిచి, ఎవరో మోసం చేసినట్టు చూసేవాడు. ఆ చూపు కోసమే ఆ పని ఇంకెవరికీ ఇవ్వబుద్ధయ్యేది కాదు ఆ పిల్లకి.

మందు మొదలయ్యాక గుప్పెడుగాడి బుగ్గలు ఉబ్బాయి. చూడొచ్చిన వాళ్ళందరికీ అత్తయ్య ఆ బుగ్గలే చూపించేది. "నెలలు నిండని పిల్లాడంటే నమ్ముతారా అసలు?" అని. అది మందు వల్ల వచ్చిన వాపు, ఒళ్ళు చేయడం కాదని డాక్టరుగారు చెప్పిన రోజు ఆవిడకి ఆ డాక్టరు మీదా, ఆ మందు మీదా ఒకేసారి కోపం వచ్చింది. ఆ కోపం తర్వాత తగ్గనే లేదు.

డాక్టరుగారు చెప్పింది ఇంకా ఉంది. మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులుంటాయి. ఒంటికి కష్టం వచ్చినప్పుడు మనిషిని నిలబెట్టేది అవి తయారుచేసే కార్టిసాల్ అనే రసం. అదే రసాన్ని ఇన్నాళ్ళూ మందు రూపంలో బయటి నుంచి పోస్తూ వచ్చాం గనక, వాటికి పని లేక నిద్రపోయి ఉండొచ్చు. టెస్టు చేస్తే తెలుస్తుంది. ముందొకసారి రక్తం తీసి, గ్రంథిని లేపే ఇంజెక్షన్ ఇచ్చి, కాసేపాగి మళ్ళీ రక్తం తీస్తారు. లేచిందా, మందు తగ్గించుకుంటూ పోవచ్చు. లేవలేదా, కొన్నాళ్ళు ఆగాలి. ఈలోగా చటుక్కున మాత్రం ఆపకూడదు. టెస్టు రోజు పొద్దుటి మందు ఒక్కటీ ఆపి తీసుకురండి, రక్తం తీసిన మరుక్షణం వేసేద్దాం అన్నారు.

అలాగే పొద్దున మందు వెయ్యకుండా తీసుకెళ్ళారు. తీరా వెళ్ళాక ఆ ఇంజెక్షన్ రాలేదన్నారు. అక్క పాలిచ్చే గదిలో ఉంది. కిటికీ దగ్గర బావ, అతని వెనకాల సంచీ పట్టుకుని చిన్నది నిలబడ్డారు. నర్సు తల ఎత్తకుండానే చెప్పింది. "స్టాకు రాగానే ఫోన్ చేస్తాం. ఇంటికెళ్ళగానే పొద్దుటి మందు వేసెయ్యండి, మామూలుగా వేస్తూ ఉండండి. మళ్ళీ మేం పిలిచిన రోజు పొద్దున మాత్రం ఆపండి."

"సరేనండి" అన్నాడు బావ. దారి పొడవునా మాట్లాడలేదు. బావ మాట్లాడకుండా బండి నడపడం చిన్నది అదే మొదటిసారి చూడటం.

ఇల్లు చేరాక ఇంకేం ఆలోచించకుండా చెంచాలు కడిగి, మాత్ర తీసింది చిన్నది.

"ఆగు సైలెన్సర్, నలపకు" అన్నాడు బావ. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నాకో ఆలోచన వచ్చింది. అమ్మా, నువ్వూ విను."

"నీ ఆలోచనలు విని విని నాకు చెవుడొచ్చింది. చెప్పు" అంది అత్తయ్య.

"మన ట్రైనింగు బండిలో నా వైపు కూడా బ్రేకుంటుంది కదా. నా కాలు ఆ బ్రేకు మీద ఉందని తెలిసినంతకాలం నేర్చుకునేవాళ్ళు బ్రేకు తొక్కరు. ఎదురుగా లారీ వస్తున్నా సరే, నా మొహమే చూస్తారు. ఎందుకు? వీడున్నాడులే అని. అందుకే నేనేం చేస్తానంటే, ఒక రోజు చూసి, కాళ్ళు రెండూ మడిచి సీటు మీద పెట్టేసుకుంటా. అప్పుడు తొక్కుతారు. చచ్చినట్టు తొక్కుతారు."

"అయితే?" అంది అక్క. బాబుని భుజాన వేసుకుని గది గుమ్మంలోంచి వింటోంది.

"వీడి గ్రంథులూ అంతే. మనం మందు పోస్తున్నంతకాలం అవెందుకు లేస్తాయి? రేపు ఫోన్ చేసి రమ్మంటారు, ఒక్క పూట ఆపి తీసుకెళ్తాం, అవి నిద్రమత్తులో ఉంటాయి, వీడు ఫెయిలవుతాడు. మళ్ళీ ఇంకో ఆరు నెలలు మాత్రలు. అదే ఈ నాలుగు రోజులూ మనం కాలు తీసేశామనుకో, అవే లేచి కూర్చుంటాయి. పొద్దుట్నుంచి మందు లేకుండానే ఉన్నాడుగా, ఏమైంది? కులాసాగా లేడూ?"

"ఆ మాట నేను మొదట్నుంచీ అంటున్నా" అంది అత్తయ్య. నిజానికి ఎప్పుడూ అనలేదు. "పాలు తాగే పిల్లాడికి మాత్రలేంటి అసలు. బుగ్గలు చూడు, బూరెల్లా."

అక్క బాబుని రెండో భుజం మీదికి మార్చుకుంది. "నర్సు ఏమందండీ?"

బావ గ్లాసు పక్కకి జరిపాడు. "టెస్టు అయ్యాక వెయ్యండి అంది."

చిన్నది మాత్రని గుప్పిట్లో పట్టుకుని నిలబడిపోయింది. నర్సు చెప్పిన మాటలన్నీ ఆ పిల్ల చెవుల్లో ఉన్నాయి, వరసగా, ఒక్కటీ తప్పకుండా. బావ అబద్ధాలాడే మనిషి కాదు. తన ఆలోచన మీద తనకి అంత నమ్మకం కుదిరిపోయింది, అంతే. అతని మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, కొడుకుని పరీక్ష పాస్ చేయించే కిటుకు దొరికిందని సంబరపడుతున్నాడు.

"అంతేనా?" అంది అక్క, చిన్నదాని వైపు తిరిగి.

నోరు తెరిచింది చిన్నది. ఆ పిల్లకి మాట గొంతు దాకా వస్తుంది, అక్కడ ఆగి ఎవరో లోపలికి రమ్మనేదాకా గుమ్మంలో నిలబడ్డ చుట్టంలా నిలబడిపోతుంది.

"సైలెన్సర్‌ని సాక్షికి పిలిస్తే కేసు పోయినట్టే" అన్నాడు బావ. అత్తయ్య పకపకా నవ్వింది. వీధిలో రివర్స్ ఆంటీ చివరికి ధైర్యం చేసి హారన్ కొట్టింది. బావ లేచి వెళ్ళిపోయాడు. అక్క లోపలికి వెళ్ళింది. చిన్నది మాత్రని తీసిన చోటే పెట్టేసింది.

ఆ రోజు ఏమీ కాలేదు. అదే కొంప ముంచింది. పిల్లవాడు సాయంత్రం దాకా ఆడుకున్నాడు, పాలు తాగాడు, చూశారా అన్నట్టు బావ అందరి వైపూ చూశాడు. మర్నాడు ఎక్కువసేపు నిద్రపోయాడు. "ఒళ్ళు తేలికపడింది, హాయిగా పడుకుంటున్నాడు" అంది అత్తయ్య. రివర్స్ ఆంటీ క్లాసు అయ్యాక లోపలికొచ్చి చూసి, "ఎంత బుద్ధిమంతుడండీ, మా వాడైతే ఈ వయసులో కాలనీ అంతా లేపేసేవాడు" అంది. సీసాలో పాలు సగానికి సగం మిగిలిపోయాయి. అవి పారబోసింది చిన్నదే. పారబోసి వచ్చి వాడి అరికాలు పట్టుకుని చూసింది. కుళాయి నీళ్ళు తగిలినట్టు చల్లగా తగిలింది.

అక్క మంచం మీద గోడకి చేరగిలబడి ఉంది. ఏ మధ్యాహ్నమైనా అక్క అలాగే ఉండేది, సగం మెలకువలో, సగం నిద్రలో.

"అక్కా."

"ఊఁ."

"మందు వెయ్యకపోతే... ఏమన్నా అవుతుందేమో."

"బావ కనుక్కున్నారుగా."

"కనుక్కున్నారు. అది కాదు..."

"ఏది కాదు?"

ఏది కాదో చెప్పాలంటే బావ నర్సు మాట మార్చేశాడని చెప్పాలి. ఈ ఇంట్లో రెండు నెలలుగా తిండి పెడుతున్నవాడు, తనకి కొత్త చెప్పులు కొనిపెట్టి "ఇవి కిర్రుమంటాయి, కనీసం నువ్వొస్తున్నట్టు తెలుస్తుంది" అన్నవాడు. గాజు పెట్టె పక్కన కుర్చీలో కూర్చుని, పెట్టెకున్న గుండ్రటి కన్నంలోంచి చెయ్యి పెట్టి, తెల్లారేదాకా కొడుకు వేలు పట్టుకున్నవాడు. అలాంటి మనిషి అబద్ధం చెప్పాడని ఆయన పెళ్ళాంతో ఎలా అనడం? చిన్నది దుప్పటి అంచు మడత పెడుతూ మాటలు వెతుక్కునేలోపు అక్క కళ్ళు మూతలు పడ్డాయి.

ఆ మరునాడు బావ క్లాసులకి వెళ్ళగానే ఆ పిల్ల ఒక పని చేసింది. అత్తయ్య స్నానానికి వెళ్ళింది కదా అని వంటింట్లో చెంచాలు తీసి, మాత్ర నలిపి, నీళ్ళు కలిపింది. చప్పుడు చెయ్యకూడదని చెంచాలని చున్నీలో చుట్టి నలిపింది. సిరంజిలోకి మందు లాగి వెనక్కి తిరిగేసరికి తడి జుట్టు తువ్వాలుతో చుట్టుకుని అత్తయ్య ఎదురుగా ఉంది.

"ఏంటది?"

చిన్నది సిరంజి వెనక్కి దాచుకుంది. దాచుకున్నాక గానీ తెలియలేదు, అలా చేస్తే దొంగతనంలా ఉంటుందని.

"ఇటివ్వు" అంది అత్తయ్య. గొంతు పెంచలేదు. "కన్నవాడు వద్దన్నాడు. కన్నది సరేనంది. మధ్యలో నువ్వెవరమ్మా? నలపడం వచ్చింది కదా అని డాక్టరువి అయిపోయావా?"

"నర్సు..." అంది చిన్నది.

"ఏ నర్సు?"

"ఆ రోజు నర్సు..."

అత్తయ్య నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎదురుచూసింది. నిజంగానే ఎదురుచూసింది. అప్పుడు చెప్పి ఉంటే వినేదేమో కూడా.

"ఏం లేదండీ" అంది చిన్నది.

అత్తయ్య సిరంజిని కుళాయి కింద పెట్టి పిచికారీ కొట్టింది. తెల్లటి నీళ్ళు తూములోకి పోయాయి. డబ్బాని తీసుకెళ్ళి అలమారా పైన, సూట్‌కేసుల వెనక్కి నెట్టేసింది. "మీ అక్కకి చెప్పన్లే, భయపడకు" అంది పోతూ పోతూ, అదేదో ఉపకారమన్నట్టు.

మధ్యాహ్నం గుప్పెడుగాడు తాగిన కాసిని పాలూ కక్కేశాడు. రెండోసారి కక్కినప్పుడు ఏడవలేదు. అక్క ఎత్తుకుంటే తల వెనక్కి వేలాడింది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూడటం లేదు. అక్క వాడి పేరు పిలిచింది, ఆసుపత్రి చీటీ మీద ఉన్న అసలు పేరు. ఆ పేరుతో ఆ ఇంట్లో వాణ్ణి ఎవరూ ఎప్పుడూ పిలవలేదు.

ఫోన్ చేస్తే బావ ట్రైనింగు బండితోనే వచ్చేశాడు. రివర్స్ ఆంటీని రోడ్డు మీదే దింపేశాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగు గుండెలకి హత్తుకుని అలాగే నిలబడిపోయింది. అక్క పిల్లాడితో ముందు కూర్చుంది, అత్తయ్యా చిన్నదీ వెనక. మలుపు మలుపుకీ బండి కుదుపులతో ఆగిపోతోంది. అక్క కూర్చున్నది పాఠం చెప్పేటప్పుడు బావ కూర్చునే సీటు. ఎదురుగా ఏది వచ్చినా తనకి తెలియకుండానే కాళ్ళ దగ్గరున్న బ్రేకు తొక్కేస్తోంది.

"కాలు తియ్యి" అన్నాడు బావ.

ఇంకో మలుపులో మళ్ళీ ఆగింది.

"కాలు తియ్యవే, నీకు దణ్ణం పెడతా" అన్నాడు. అతని గొంతు అలా పలకడం అంతకుముందు ఎవరూ వినలేదు. అక్క కాళ్ళు రెండూ పైకి మడిచి పెట్టుకుని, వాటి మీద పిల్లాణ్ణి పడుకోబెట్టుకుంది.

ఆసుపత్రిలో ఆ రోజు కనిపించిన నర్సు లేదు, ఇంకో ఆవిడ ఉంది. పిల్లాణ్ణి చూసి ఎవరూ లైనులో నిలబడమనలేదు. లోపల గదిలో బల్ల మీద పడుకోబెట్టారు. డ్యూటీ డాక్టరమ్మది కుర్రవయసే, కానీ చేతులు చకచకా ఆడుతున్నాయి. మడమ మీద పొడిచి ఒక చుక్క తీసి చూసింది. "షుగర్ బాగా పడిపోయింది. సెలైన్ లైన్ పెట్టు" అంది నర్సుతో. చీటీలు తిరగేసి, "స్టెరాయిడ్ మీద ఉన్న బాబు కదా. మందు సరిగ్గా వేస్తున్నారా?" అని అడిగింది.

"వేస్తున్నామండి" అన్నాడు బావ.

అక్క తలెత్తి అతని వైపు చూసింది.

"రోజూ? ఒక్క పూటా మానలేదా?"

"లేదండి." బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. కారు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"అయితే ఇన్‌ఫెక్షన్ అయ్యుంటుంది. ముందు దాని సంగతి చూద్దాం" అంది డాక్టరమ్మ, నర్సు వైపు తిరిగి.

"వెయ్యట్లేదు."

అందరూ తలుపు వైపు చూశారు. చిన్నదానికి కూడా ఎవరో వెనక నుంచి అన్నట్టే అనిపించింది.

"ఎవరమ్మా నువ్వు?"

"పిన్నినండి. మందు నేనే నలిపేదాన్ని. టెస్టు వాయిదా పడిన పొద్దుటి నుంచీ వెయ్యలేదు. ఒక్కసారి కూడా వెయ్యలేదు."

డాక్టరమ్మ ఒక్క క్షణం బావ వైపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "కార్టిసాల్‌కి రక్తం తీసి పంపించు. రిపోర్టు కోసం ఆగొద్దు. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ లోడ్ చెయ్యి, ఇప్పుడే" అంది. "తల్లి ఉండండి. మిగతా అందరూ బయటికి."

వరండాలో ఇనప బెంచీ మీద అత్తయ్య కూర్చుంది. బావ కూర్చోలేదు. గోడకి ఆనుకున్నాడు.

"ఇంతకాలం లేని నోరు ఇప్పుడొచ్చిందా నీకు?" అంది అత్తయ్య చిన్నదానితో, పళ్ళ బిగువున. "అంతమందిలో, వాడి కొడుకు ముందర, వాడి పరువు తీశావు."

"అమ్మా, ఊరుకో" అన్నాడు బావ.

"ఊరుకోవడానికేముందిరా, ఇంత జరిగాక..."

"ఊరుకో అన్నానా. తను చెప్పబట్టి..." అని ఆగిపోయాడు. మిగతాది గోడకి చెప్పుకున్నాడు, ఎవరికీ వినబడలేదు. కాసేపటికి, ఎవరి వైపూ చూడకుండా, "నర్సు వేసెయ్యమనే చెప్పిందమ్మా. నేనే మార్చి చెప్పా" అన్నాడు. అత్తయ్య కొడుకు మొహం చూసి, చిన్నదాని మొహం చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

చిన్నది తలుపుకి దగ్గరగా జరిగింది. లోపల నుంచి ఏడుపు వినబడుతుందేమోనని చెవులు రిక్కించింది. మిషను కూత వినబడుతోంది, ట్రేలో ఏదో పెట్టిన చప్పుడు వినబడింది, డాక్టరమ్మ ఏదో అంకె చెప్పడం, నర్సు మళ్ళీ అదే అంకె చెప్పడం. ఏడుపు లేదు. మందు బుగ్గలో పడగానే వాడు ముడిచే మూతి కళ్ళ ముందుకొచ్చింది. ఇప్పుడు సూదితో ఎక్కిస్తారు గనక రుచి తెలియదు, అనుకుంది.

చాలాసేపటికి తలుపు సగం తెరుచుకుంది. అక్క. జాకెట్టు మీద పాల మరకలు, చెంప మీద ఎండిన చారిక.

"ఎలా ఉన్నాడు?" బావ ముందుకొచ్చాడు.

"ఇంజెక్షన్ ఇచ్చారు. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందట. ఇప్పుడే ఏమీ చెప్పలేరట." అక్క ఆ మాటలు అతనితో అన్నదే గానీ, చూపు చిన్నదాని మీదే ఉంది.

"ఏమే, ఆ రోజు కిటికీ దగ్గర నువ్వున్నావు కదా. నర్సు ఏమంది?"

చిన్నది చెప్పింది. ఇంటికెళ్ళగానే వేసెయ్యమంది, మామూలుగా వేస్తూ ఉండమంది, మళ్ళీ పిలిచిన రోజు పొద్దున మాత్రం ఆపమంది. అన్ని మాటలు ఆగకుండా ఒక్క గుక్కలో ఆ పిల్ల ఎప్పుడూ మాట్లాడలేదు. ఒక్క మాట తడబడలేదు, ఒక్కటీ మర్చిపోలేదు.

అక్క మొత్తం విన్నది.

"నేను నిన్ను అడిగాను" అంది.

"అడిగావక్కా."

"'అంతేనా' అని నీ మొహం చూసి అడిగాను."

చిన్నది తల ఊపింది. వెనక నుంచి బావ, "దాన్నేమీ అనకు, తప్పు నాది" అన్నాడు. అక్క అతని వైపు తిరగలేదు. లోపల బల్ల చివర తెల్ల గుడ్డ కింద నుంచి చిన్న అరికాలొకటి కనబడుతోంది, దానికి అంటించిన తీగ వెనకాల ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది. ఆ పాదం పట్టుకుంటే వెచ్చబడిందో లేదో తెలుస్తుంది కదా అనిపించింది చిన్నదానికి.

"అక్కా, ఒక్కసారి నేను..." అంటూ అడుగు ముందుకి వేసింది.

అక్క తలుపు వేసేసింది.